జోన్ మారిన భూమికి వెల కట్టడం

జోన్ మారే భూమికి ధర రెండుసార్లు పెరుగుతుంది. మారుతుందన్న మాట పుట్టినప్పుడు ఒకసారి, ఉత్తర్వు వెలువడ్డాక మరోసారి. కట్టుకోవడానికి అనుమతి మాత్రం ఆ తర్వాతెప్పుడో గానీ రాదు. బేరం చెడేదీ, డబ్బు ఇరుక్కునేదీ ఈ మధ్యకాలంలోనే.

హైదరాబాద్ జంట జలాశయాల చుట్టూ ఉన్న 84 గ్రామాలు ఇందుకు మంచి ఉదాహరణ. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996 మార్చిలో 111 జీవో వచ్చింది. కొత్త లేఅవుట్‌లో 60 శాతం రోడ్లకు, ఖాళీ జాగాకు వదలాలని అది షరతు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షలను కొన్ని షరతులతో ఎత్తివేసింది. 2023 మేలో 111 జీవోనే రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఇవన్నీ మొత్తం గ్రామాలకు సంబంధించిన మాటలు. అనుమతి వచ్చేది సర్వే నంబరుకు.

కాబట్టి మొదట చూడాల్సింది మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందన్నది. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఇచ్చే భూవినియోగ ధ్రువపత్రమే దీనికి ఆధారం; బ్రోకర్ ఫోన్‌లో చూపించే మ్యాపు కాదు. నాలా మార్పిడి అయిపోయిందని అమ్మేవారు ధీమాగా చెబుతారు. అది సాగు భూమిని రెవెన్యూ లెక్కల్లో సాగేతరంగా మారుస్తుందే తప్ప మాస్టర్ ప్లాన్ జోన్‌ను మార్చదు.

జోన్ మారినా చెరువు కదలదు. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ కింద వదలాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమైతే 1977 చట్టం అమ్మకాన్నే ఒప్పుకోదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింది నిషేధిత భూముల జాబితా, ఈసీ (భూమిపై లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు ఎలాగూ చూడాల్సినవే.

ఇక ధర. ఎకరం అంటే 4,840 గజాలు. 111 జీవో ప్రకారం 60 శాతం వదిలితే అమ్ముకోవడానికి మిగిలేది 1,936 గజాలే. ఎకరం 5 కోట్లు అనుకుంటే నికర గజం దాదాపు 25,800 రూపాయలు పడుతుంది. ఆ షరతు పోయి 55 శాతం చేతికొస్తుందనుకుంటే 2,662 గజాలు, గజం దాదాపు 18,800. అమ్మేవారు చెప్పే ధరలో ఈ రెండో లెక్క ముందే కలిసిపోయి ఉంటుంది. కొనేవారు అందులోంచి జోన్ మార్పు రుసుము, లేఅవుట్ ఖర్చు, అనుమతి వచ్చేదాకా పెట్టుబడి మీద పడే వడ్డీ తీసేయాలి. రెండేళ్లు ఆలస్యమైతే 12 శాతం బారువడ్డీయే 5 కోట్లకు 1 కోటి 20 లక్షలు.

బయానా రాసుకునేటప్పుడు, గడువులోగా ఆ సర్వే నంబరుకు నివాస జోన్ ధ్రువపత్రం రాకపోతే బయానా తిరిగివ్వాలన్న షరతు ఒప్పందంలో తప్పక ఉండాలి. అందుకు అమ్మేవారు ఒప్పుకోకపోతే సాగు భూమి ధరకు మించి ఒక్క రూపాయి కూడా పెట్టకూడదు.