పొదుపు గల యింటిలో బడి



గ్రంథాలయ రజతోత్సవమున వంటయింటి ప్రసంగ మెందులకని కొందరికి తోపవచ్చును. కాని పుస్తకము చేతబట్టిన ప్రతి పాఠకుడును మొదట ఒక తల్లి కన్నబిడ్డ. బడిగడప త్రొక్కకమునుపే అయిదారేండ్లు అతడు ఆమె కొంగు పట్టుకొని తిరిగినవాడు. మాట, లెక్క, మర్యాద అను మూడు విద్యలకును ఆ యేండ్లలోనే పునాది పడును. కావున మితముగా ఖర్చు చేయుచు సంసారమును నడుపుచు, బిడ్డలకు ఇంటనే చదువు చెప్పు తల్లి దినచర్య యెట్టిది, దాని కాధార మేమి, అడ్డ మేమి అను విషయము ఈ సభకు తగినదే.

జన్వాడ వంటి గ్రామమున నొక సామాన్య గృహమును భావింపుడు. తెలతెలవారుచుండగా ఇల్లాలు లేచి, వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు వేయును. అయిదు వరుసలలో అయిదేసి చుక్కలు పెట్టుచుండగా ప్రక్కన కూర్చున్న చిన్నది లెక్కించును, ఇరువదియైదు. అయిదైదుల ఎక్కము ఆ పిల్లకు పలకపై కాక నేలపైననే వచ్చినది. పాలు పోసినవాడు పోయిన పిమ్మట గోడమీద బొగ్గుతో ఒక గీత పడును. నెల చివర ఆ గీతలు కూడుట పెద్దపిల్లవాని పని. కూరగాయల బండి వచ్చును. కిలో నలుబది రూపాయల వంకాయలు ముప్పావు కిలో కావలెను.

“ముప్పావంటే ఎంతనే అమ్మా?” అని పిల్ల అడుగును.

“కిలోకు నాలుగు పావులు బిడ్డా. అండ్ల మూడు. ఒక్క పావుకు పది రూపాయలైతే మూడు పావులకెంత, నువ్వే చెప్పు” అని తల్లి యనును.

పిల్ల ముప్పది యని చెప్పి, పైకము తానే యిచ్చి, మిగిలినది తానే లెక్కించి తెచ్చును. పుస్తకమున భిన్నములు అను పేరుతో భయపెట్టు పాఠము వాకిటిలో భయము లేకుండ ముగిసినది. దీనికి రుసుము లేదు, సంచి లేదు, గంట లేదు.

ఇది క్రొత్త పద్ధతి గాదు. మన అవ్వలు నాలుగు గిద్దలు సోల యనియు, రెండు సోలలు తవ్వ యనియు, రెండు తవ్వలు మానిక యనియు, నాలుగు మానికలు కుంచ మనియు కొలుచుచు, పిల్లలకు కొలిచి చూపుచు వచ్చిరి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు రాకమునుపు రూపాయికి పదునారణాలు, అణాకు పండ్రెండు పైలు. అనగా రూపాయికి 192 పైలు. దానిపై నిజాం రాజ్యమున హాలీ సిక్కా వేరు, ఆంగ్లేయుల కల్దారు వేరు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. అక్షరము రాని ఆడవారు కూడ ఈ మారకమును వ్రేళ్ళ కణుపులపై తేల్చి, సంతలో మోసపోకుండ ఇల్లు చేరెడివారు. అట్టివారిని “చదువు రానివారు” అని ఒక్కమాటతో త్రోసివేయుట న్యాయము గాదు. వారికి లెక్క వచ్చును. వ్రాత మాత్రము ఎవరును నేర్పలేదు.

ఇక పొదుపు. పొదుపు వేరు, పిసినారితనము వేరు. మనకు సమీపమున గండిపేట చెరువు కలదు. 1908 నాటి మూసీ వరద హైదరాబాదు నగరమును ముంచివేసిన పిమ్మట, ఆ వరదను నిలువరించుటకును, నగరమునకు త్రాగునీ రిచ్చుటకును 1920లో ఉస్మాన్‌సాగర్ అను పేర దీనిని నిర్మించిరి. నీటిని నిలుపుట నిలుపుట కొరకే గాదు. ఎండకాలమున దప్పిక తీర్చుట కొరకు. వాడుకొనుటకు తూము లేని చెరువువలన ప్రయోజన మేమి? తిండి తగ్గించి, పిల్లల పుస్తకము మానిపించి రూపాయి కూడబెట్టువాడు తూము లేని చెరువు త్రవ్వినవాడు. దినమునకు పది రూపాయల వృథా ఖర్చు మానిన యింట ఏటికి 3,650 రూపాయలు నిలువ యుండును. ఆ నిలువ దేనికి వెచ్చింపబడునో చూచి అది పొదుపో పిసినారితనమో చెప్పవచ్చును.

ఇంటి చదువు ఎంతవరకు పోగలదో తెలుపుటకు మన తెలుగుదేశముననే గొప్ప నిదర్శనము కలదు. భండారు అచ్చమాంబ గారు 1874లో కృష్ణా మండలమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. పదియవ యేట వివాహమయ్యెను. బడికి పోవు భాగ్యము లేదు. భర్త మాధవరావు గారు మధ్యపరగణాలలో ఇంజినీరు. ఆమెకు మూడేండ్లు చిన్నవాడగు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు చదువుకొరకు అక్కగారి యింట నుండిరి. అతడు తాను చదివిన దానిని అక్కతో పంచుకొనెను. తమ్ముడు గురువు, అక్క శిష్యురాలు, ఇల్లు పాఠశాల. తెలుగు, హిందీ నేర్చిన పిమ్మట ఆమె స్వయంకృషిచే మరాఠీ మొదలగు ఇతర భాషలలోను ప్రవేశము సంపాదించిరి.

ఆ చదువు ఏమి ఫలించినది? భారతదేశపు స్త్రీల చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసిరి. దాని మొదటి భాగము 1901లో వెలువడినది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో గూడి మచిలీపట్నమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించిరి. తాము కన్న బిడ్డలను కోల్పోయిన ఆ తల్లి పరుల బిడ్డలను చేరదీసి, అన్నము పెట్టి చదివించిరి. 1905లో సుమారు ముప్పది యేండ్ల ప్రాయముననే గతించిరి.

ఆమె 1902లో వ్రాసిన ‘ధనత్రయోదశి’ యను కథ ఈ సభలోని ఇల్లాండ్రందరును చదువదగినది. బీద యిల్లు, పండుగ దినము, భర్త యజమానుని ధనమును ఇంటికి తెచ్చును, ఇల్లాలు దాని నంగీకరింపక మరల ఇచ్చివేయునట్లు అతనిని ఒప్పించును. మితవ్యయమునకు మొదటి సూత్రము ఖర్చు తగ్గించుట గాదని ఆ కథ చెప్పకయే చెప్పుచున్నది. తనది కానిదానిని జమలో వ్రాయకుండుటయే మొదటి సూత్రము. పేదతనములో ఈ సూత్రమును పిల్లల యెదుట నిలుపుకొన్న తల్లి చెప్పిన నీతిపాఠము మరి యే పుస్తకమును చెప్పజాలదు.

మరియొక సంగతి గమనింపవలెను. అక్కకు అక్షరములు పంచియిచ్చిన ఆ తమ్ముడే, 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి యింట వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు మూలపురుషులలో నొకడు. 1906లో విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణము. తెలంగాణములో ఆ భాషానిలయము వెలిగించిన దీపమునుండియే గ్రామగ్రామమున గ్రంథాలయ దీపములు వెలిగినవి. కావున ఇంటిచదువునకును గ్రంథాలయమునకును గల బంధుత్వము క్రొత్తది గాదు.

ఇంతవరకు మేలు చెప్పబడినది. ఇక అడ్డము. సంసారపు జమాఖర్చులో ఒక పద్దు ఎప్పుడును వ్రాయబడదు. అది తల్లి కాలము. బియ్యము ఎంత, నూనె ఎంత, పాలు ఎంత అని గీచి గీచి లెక్కించు ఇంట ఆమె గంటలను మాత్రము ఎవరును లెక్కింపరు. దుకాణములో ఉద్దెర తెచ్చిన ఉప్పునకు చిట్టాలో బాకీ యుండును. ఆమె కోల్పోయిన నిద్రకు ఏ చిట్టాయును లేదు. పనిమనిషి ఖర్చు లేదు, కుట్టుకూలి లేదు, పిండివంటలు కొనుట లేదు అని యజమానుడు సంతోషించును. ఖర్చు లేకపోలేదు, అది ఒక్కరి శరీరముమీద పడినది. దానిపై “పిల్లలకు చదువు కూడ నీవే చెప్పుము” అన్నచో, నిండిన కుంచములో మరి నాలుగు మానికలు పోయుటయే యగును.

వంగదేశమున రాససుందరీదేవి యను ఇల్లాలు పెద్ద సంసారపు పనుల నడుమ అక్షరములు నేర్వదలచి, చైతన్యభాగవతపు పత్ర మొకటి వంటయింట దాచి, ఎవరును చూడకుండ కూడబలుకుకొని చదువ నేర్చెను. 1876లో అచ్చయిన ఆమె ఆత్మచరిత్ర వంగభాషలో మొదటి ఆత్మకథగా ప్రసిద్ధి. ఆమె పట్టుదలను పొగడుట సులభము. కాని ఒక తల్లి చదువును దొంగసొత్తువలె దాచుకొనవలసి వచ్చుట ఆ యింటికి గౌరవము గాదు. నేడు ఎవరును పత్రము దాచుకొనవలసిన పని లేదు. అయినను పొద్దుగూకువరకు పుస్తకము తెరుచుటకు తీరిక దొరకని తల్లులు మన వీధివీధినను కలరు. నిషేధము పోయినది, తీరిక రాలేదు.

కావున చేయదగిన దేమి? మొదటిది, ఇంటిచదువు బడిని మాన్పించుటకు గాదు. ఆరు మొదలు పదునాలుగేండ్ల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా చేసిన 2009 నాటి చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. ఖర్చు తగ్గించుకొనవలసినప్పుడు మొదట ఆడపిల్ల చదువుమీదనే చేయి వేయు అలవాటు పోవలెను. “ఇంట అమ్మ చెప్పును గదా” యను మాట ఆమె బడి మాన్పించుటకు సాకు కారాదు.

రెండవది, దినమున కొక గంట తల్లికి విడిచిపెట్టవలెను. ఆ గంటలో నీళ్ళు తెచ్చుట, గిన్నెలు కడుగుట, పశువును కట్టుట భర్తయు, కుమారులును చేయవలెను. ఇది దయ గాదు; బాకీ తీర్చుట. అక్షరము రాని తల్లియైనను ఆ గంటలో పిల్లచేత బిగ్గరగా చదివించుకొని వినవచ్చును. వినువా రుండినగాని చదువువానికి నాలుక తిరుగదు. అర్థము గానిచోట ఆమె “అదేంది బిడ్డా?” అని అడుగును, చెప్పబోయి పిల్ల మరల చదువును. ఇట్లు ఇరువురును నేర్తురు. చదువు నడుమ నిలిచిపోయిన తల్లులకు 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము ద్వారము తెరచియే యున్నది. 1991 నుండి అది అంబేద్కరు గారి పేర వెలయుచున్నది.

మూడవది, ఈ గ్రంథాలయము. ఇంటిపన్నుతో గూడ ప్రతి గృహస్థుడును రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను చెల్లించుచున్నాడు. 1960 నాటి గ్రంథాలయ చట్టమే దీనికి మూలము. వేయి రూపాయల ఇంటిపన్ను గల గృహము ఏటికి 80 రూపాయలు పుస్తకములకై ఇదివరకే ఇచ్చినది. సొమ్ము చెల్లించి పుస్తకము ముట్టని యిల్లు, కూరగాయలు కొని తెచ్చి గంపలోనే కుళ్ళబెట్టిన ఇంటితో సమానము. పొదుపరి యని పేరు గన్న ఏ ఇల్లాలు అట్టి నష్టమును సహించును? చందా వ్రాయించుకొన్న మగవారు పుస్తకమును తమకొరకే గాక, ఇంటనున్న ఆమెకొరకు కూడ ఎన్నుకొని తీసికొని పోవలెను. అంతకంటె మేలు, ఆమెయే వచ్చి ఎన్నుకొనుట.

రాబోవు ఇరువదియైదేండ్ల పిమ్మట స్వర్ణోత్సవము జరుగునప్పుడు, ఈ గ్రంథాలయపు సభ్యుల పట్టికలో తల్లుల పేర్లు ఎన్ని యున్నవో లెక్కించి చూచెదరు గాక. ఆ లెక్క ఎంత పెరిగిన అంతగా ఈ గ్రామపు ఇండ్లలో చదువు నిలిచిన దనవచ్చును. అట్టి దినమును పరమేశ్వరుడు ప్రసాదించుగాక.