సైన్యాన్ని విదేశాలకు పంపే ముందు ఎవరిని అడగాలి?

ఈ బెంగళూరులోనే, జె.సి.నగర్‌లో, మైసూర్ లాన్సర్ల స్మారక స్తంభం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు అశ్వికులు బల్లేలు, కత్తులు పట్టి పాలస్తీనాలోని హైఫా పట్టణం మీదికి దూకారు. ఎదురుగా మెషిన్‌గన్లు, పక్కనే కార్మెల్ కొండ మీద ఫిరంగులు. మైసూరు రౌతుల్లో కొందరు ఆ కొండెక్కి ఫిరంగులను పట్టుకున్నారు. మన హైదరాబాద్ లాన్సర్లదీ అదే బ్రిగేడు. వారి సాహసానికి చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే వారిని అంత దూరం పంపాలా వద్దా అని మైసూరు రైతునుగానీ, నిజాం రాజ్యంలోని నేత కార్మికుణ్ణిగానీ అడిగినవారు లేరు. బ్రిటిష్ సామ్రాజ్యం కోరింది, సంస్థానాలు పంపాయి.

స్వతంత్రం వచ్చాక ఇది మారిందా అంటే సగమే మారిందంటాను. 1987 జులై 29న కొలంబోలో భారత్-శ్రీలంక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ వెంటనే మన సైనికులు శ్రీలంకలో దిగారు. శాంతి కాపాడటానికి వెళ్లిన దళం అక్టోబరుకల్లా ఎల్‌టీటీఈతో యుద్ధంలో పడింది. 1990 మార్చిలో ఆఖరి దళం తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది మన సైనికుల ప్రాణాలు పోయాయి. పంపే ముందు పార్లమెంటులో ఓటింగు జరగలేదు. జరిగి తీరాలనే చట్టం ఈనాటికీ లేదు. ఆ చట్టం కావాలన్నదే నా వాదన.

అలాంటి చట్టం జర్మనీలో ఉంది. సైన్యాన్ని సాయుధ చర్యలకు బయటికి పంపాలంటే పార్లమెంటు అనుమతి ఉండాలని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1994లో తీర్పిచ్చింది, 2005లో చట్టమూ వచ్చింది. ఎందరిని, ఎక్కడికి, ఎంతకాలానికి, ఎంత ఖర్చుతో పంపుతున్నదీ ప్రభుత్వం రాసివ్వాలి. గడువు తీరాక కొనసాగించాలంటే మళ్లీ సభ ముందుకు రావాలి.

ఆపద వేళ చర్చలు పెట్టుకుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందంటారు. 1988 నవంబరులో మాల్దీవుల ప్రభుత్వాన్ని కాపాడటానికి మన పారాట్రూపర్లు రాత్రికి రాత్రే వెళ్లారు, వెళ్లాల్సిందే. జర్మన్ చట్టం కూడా అలాంటప్పుడు ముందు పంపి, తర్వాత అనుమతి తీసుకోనిస్తుంది. ఇంకో అభ్యంతరం బలమైనది: ఓట్లు వేసి మరీ జర్మనీ ఇరవయ్యేళ్లు అఫ్గానిస్థాన్‌లో ఉంది, 59 మంది సైనికులను పోగొట్టుకుంది, 2021లో వెనుదిరిగింది. నిజమే, ఓటింగు వివేకానికి హామీ కాదు. కానీ చేతులెత్తిన సభ తర్వాత తప్పించుకోలేదు. 2022లో ఆ పార్లమెంటే అఫ్గాన్ పాఠాల మీద విచారణ సంఘం వేసింది. శ్రీలంక అనుభవం మీద మనకూ అలాంటిది జరిగి ఉండాల్సింది. సభ మాట ప్రభుత్వానికి అడ్డంకే అనుకోనక్కర్లేదు. 2003 ఏప్రిల్‌లో ఇరాక్ యుద్ధాన్ని గర్హిస్తూ లోక్‌సభ తీర్మానం చేసింది; అమెరికా మన సైన్యాన్ని కోరినప్పుడు, జులైలో ప్రభుత్వం కాదనగలిగింది.

మీలో చాలామంది ఇప్పటికే ఓటర్లు. మీ ఎంపీకి ఉత్తరం రాయండి. ప్రైవేటు మెంబరు బిల్లుగానైనా ఈ చట్టాన్ని ప్రవేశపెట్టమని అడగండి.