సిఫారసు కంటె రసీదు మేలు
(శాసనసభ్యుల, పార్లమెంటు సభ్యుల కార్యాలయ సహాయకులకును, సంఘ కార్యకర్తలకును ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



బ్యాంకు కష్టముతో ప్రజాప్రతినిధి వాకిటికి వచ్చిన వారికి మీరెట్లు తోడ్పడవలెనో చెప్పుమని సంఘమువారు నన్ను ఆదేశించినారు. పింఛను జమ కాలేదని ఒకరు, చనిపోయిన భర్త ఖాతాలోని సొమ్ము ఇచ్చుట లేదని మరొకరు, తమకు తెలియకయే ధనము పోయినదని ఇంకొకరు వచ్చుచుందురు. అప్పుడు మనము సాధారణముగా చేయునదేమి? మేనేజరునకు టెలిఫోను చేసి, "మనవారే, కొంచెము చూడుడు" అందుము. ఆయన "అట్లే" అనును. వచ్చినవారు సంతోషముతో ఇంటికి పోవుదురు. నెల గడచును, మేనేజరు బదిలీయై పోవును. చూపుటకు చేతిలో కాగితము ముక్కయైనను ఉండదు. కావుననే సిఫారసు కంటె రసీదు మేలని నేను విన్నవించుచున్నాను.

మొదట అనుమతి మాట. ఖాతాదారుని వ్యవహారములను గోప్యముగా ఉంచుట బ్యాంకులకు చట్టము విధించిన ధర్మము. 1955 నాటి స్టేటు బ్యాంకు చట్టము 44వ విభాగమును, 1970 నాటి బ్యాంకుల జాతీయకరణ చట్టము 13వ విభాగమును ఈ సంగతినే చెప్పుచున్నవి. శాసనసభ్యుని కార్యాలయమునుండి అడుగుచున్నామన్నంత మాత్రమున ఖాతా వివరములు చెప్పుటకు మేనేజరునకు స్వేచ్ఛ లేదు. కావున వచ్చినవారిచేత, "నా ఫిర్యాదు విషయమై ఫలానా వారితో మాట్లాడుటకు సమ్మతించుచున్నాను" అని వ్రాయించి, సంతకముగాని వేలిముద్రగాని తీసికొనవలెను. వేలిముద్ర వేయువారికి వేయుటకు ముందే కాగితమంతయు వారి భాషలో చదివి వినిపింపవలెను. వారి రహస్య సంఖ్యలను, ఫోనునకు వచ్చు ఓటీపీని అడుగరాదు. వారు చెప్పబోయినను వినరాదు. పాసుబుక్కు నకలు చాలును. అసలు వారియొద్దనే ఉండవలెను.

రెండవది ఫిర్యాదు. అది ఖాతాదారుని పేర, వ్రాతపూర్వకముగా, బ్యాంకునకే మొదట చేరవలెను. ఏ తేదీన ఏమి జరిగినది, ఎంత సొమ్ము, ఏమి కోరుచున్నారు అను నాలుగు సంగతులు ఒక పుటలో ఇమిడిన చాలును. నకలుపై శాఖవారి ముద్రయు తేదీయు వేయించుకొనుడు. ఆ తేదీతోనే లెక్క మొదలగును. 30 దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరముగా లేకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. 2021 నవంబరు 12న ఆరంభమైన ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకముతో దేశమంతటికిని ఒకే ద్వారము ఏర్పడినది. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అయితే బ్యాంకునకు ముందుగా వ్రాయని ఫిర్యాదును అచ్చట స్వీకరింపరు. నిదర్శనము లేని టెలిఫోను మాటకు అచ్చట విలువ లేదు. ముద్రపడిన నకలునకు విలువ కలదు. దీనికిని కాలపరిమితి కలదు గనుక జాగు చేయరాదు.

అంబుడ్స్‌మన్ చేయలేని పనులును కలవు. అప్పు ఇచ్చుటయో మానుటయో బ్యాంకు వ్యాపార నిర్ణయము. "అప్పు ఇప్పించెదము" అని ఎవరికిని మాట ఇయ్యకుడు. నిరాకరించిన యెడల ముఖ్య కారణములను వ్రాతలో తెలుపుమని అడుగుట మాత్రము న్యాయమైన కోరిక. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు బ్యాంకులు కావు. వానిపై ఫిర్యాదులు రాష్ట్ర సహకార శాఖకు పోవలెను.

ధనము అపహరింపబడిన సందర్భమున 30 దినముల మాట తలపెట్టరాదు. ఆ గడియలోనే 1930 అను సంఖ్యకు ఫోను చేయించి, బ్యాంకునకును తెలుపవలెను. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తరువు ప్రకారము, బ్యాంకు దోషముగాని ఖాతాదారుని దోషముగాని లేక మూడవవారి మోసమువలన సొమ్ము పోయినపుడు, బ్యాంకు సమాచారము అందిన మూడు పనిదినములలో తెలియజేసినచో ఖాతాదారునికి నష్టభారము లేదు. ఆలస్యమైన కొలది భారము పెరుగును. "సోమవారము రండి" అని పంపివేసిన సహాయకుడు ఆ పేదవాని సొమ్మునకే ఎసరు పెట్టినవాడగును.

ఇక మనవారికి ప్రత్యేకమైన చిక్కు పేరు. మనము ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వ్రాయుదుము. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరమును ముందు పెట్టుదురు. మహారాష్ట్రములో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వచ్చును. హోసూరులోనో షోలాపురములోనో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబమున ఒక్క మనిషియే పాసుబుక్కులో ఒకడు, ఆధారులో వేరొకడు, మరణ ధ్రువపత్రములో మూడవవాడు అగుచున్నాడు. విధవరాలు సొమ్మునకు పోయినపుడు, "ఈయన ఆయనయే అనుటకు నిదర్శనమేమి?" అని అడుగుదురు. కాగితములన్నియు ఒకచోట పరచి, తేడాలను గుర్తించి, ఇద్దరును ఒకరేనను ప్రమాణపత్రము ముందుగానే సిద్ధపరచుడు. అంతకంటె మేలు, మనిషి బ్రతికి ఉండగనే పేరు సరిచేయించి నామినీని వ్రాయించుట. నామినీ ఉన్నచోట సాధారణముగా వారసత్వ ధ్రువపత్రము అక్కరలేదు. కావలసిన పత్రములన్నియు అందిన 15 దినములలో బ్యాంకు పరిష్కరింపవలెను. అయితే నామినీ సొమ్ము అందుకొను ధర్మకర్తయే గాని ఏకైక హక్కుదారు కాడని కుటుంబమునకు తెలియజెప్పుడు.

పదేండ్లు కదలని నిల్వలు 2014లో ఏర్పడిన రిజర్వు బ్యాంకు నిధికి చేరును. అంతమాత్రమున హక్కు పోదు. బ్యాంకునే అడిగి పొందవచ్చును. 2023లో వచ్చిన ఉద్గమ్ వెబ్‌సైటులో వెదకునపుడు పేరును పలువిధములుగా వ్రాసి చూడుడు. ఇంటిపేరు వెనుకకు పోయినందువలననే ఎన్నియో ఖాతాలు కంటబడకుండ పోవును.

భాష విషయము చెప్పి విరమింతును. బ్యాంకు పత్రములు హిందీ, ఇంగ్లీషు, రాష్ట్రభాషలలో ఉండును. కన్నడ, తమిళ, ఒడియా సీమలలోని శాఖలలో తెలుగు పత్రము లేకుండుట ఇందువలననే. కాని రాజ్యాంగము 350వ అధికరణము, కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు కష్టము నివేదించుకొను హక్కును ప్రతివానికి ఇచ్చినది. రిజర్వు బ్యాంకువారి 14448 సంఖ్యకు తెలుగులోనే మాట్లాడవచ్చును. హక్కును విడువవద్దు, పనిని చెరుపుకొనవద్దు. తెలుగు ఫిర్యాదునకు రాష్ట్రభాషలోనో ఇంగ్లీషులోనో అనువాదము జతచేసినచో, చదువు అధికారికి సాకు మిగులదు.

ఒకే కష్టము పలువురికి వచ్చినపుడు దానికి తగిన స్థానము జిల్లాస్థాయి సమీక్షా సమితి. 1969లో ఆరంభమైన లీడ్ బ్యాంకు పద్ధతిలో కలెక్టరు అధ్యక్షతన జరుగు ఈ సభకు ప్రజాప్రతినిధులను ఆహ్వానింతురు. తేదీలతో, శాఖల పేర్లతో పట్టిక వ్రాసి మీ సభ్యుని చేతికిండు. ఆయన పలుకుబడి వినియోగపడవలసిన చోటు అదియే.

మిత్రులారా! మన వాకిటికి వచ్చువారు దయకొరకు రారు. తమ సొమ్ము కొరకు వత్తురు. వారు తిరిగి పోవునపుడు ఓదార్పు మాటతోపాటు, తేదీ వేసిన ఒక కాగితము వారి చేతిలో ఉండునట్లు చూడుడు.