ఇంజనీరింగులో పై చదువు: రెండేండ్ల జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో కవులను గూర్చియో, కావ్యములను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేనును నిఘంటువునే గురువుగా చేసికొని భారత భాగవతములను చదివికొన్నవాడను గనుక, అట్టి విషయమునే ఎన్నుకొనుమని మిత్రులు కోరిరి. కాని మన పఠనమందిరములో తండ్రులు నన్ను తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "పిల్లగాడు సివిల్ ఇంజనీరింగు అయిపోయిండు. ఇంక రెండేండ్లు ఎం.టెక్. చదువుతనంటుండు. చదివించాల్నా, వద్దా?" నా వృత్తి లెక్కలు వ్రాయుట. కావున ఈ ప్రశ్నకు జమ యొకవైపు, ఖర్చు మరియొకవైపు వ్రాసి మీ ముందుంచుట నా విధి యని తలచితిని.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. పూర్వము ఐరోపాలో ఇంజనీరు అనగా సేనల కొరకు కోటలు, వంతెనలు కట్టువాడు. 18వ శతాబ్దమున ఇంగ్లండునందలి జాన్ స్మీటన్ తాను సేనలకు గాక పౌరులకు పనిచేయువాడనని తెలుపుటకై సివిల్ ఇంజనీరునని చెప్పుకొనెను. పేరు అక్కడిది. పని మాత్రము మనకు పాతదే. మన పెద్దలు సప్తసంతానములలో తటాకమును చేర్చిరి. సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలమడుగుచు, నీ రాజ్యమున చెరువులు నిండియున్నవా, సేద్యము వానను మాత్రమే నమ్ముకొని యుండలేదు గదా యని ప్రశ్నించును. రాజు క్షేమము చెరువు కట్టపై నున్నదని దీని భావము.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర రాజవంశీయుడైన భాస్కరుడు అచ్చట చెరువు కట్టించిన వృత్తాంతము అందున్నది. చెరువునకు 12 అంగములు, 6 దోషములు కలవని అది చెప్పును. కట్టనుండి నీరు ఊరుట దోషము. చవుటి నేల దోషము. నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట దోషము. ఆ పనికి వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినవి. అంగములను చెప్పుచోట జలశాస్త్రము నెరిగిన పండితునికిని స్థానమీయబడినది. చేతులు వేయియున్నను శాస్త్రమెరిగినవాడు ఒకడు కావలెనని ఆ కాలపువారు గుర్తించిరి. నేటి ఎం.టెక్. చదువు ఆ ఒక్కనిని తయారుచేయుట కొరకే యేర్పడినది.

ఈ చదువు మన దేశమున పెరిగిన క్రమమును క్లుప్తముగా చెప్పెదను. మద్రాసులో 1794లో నెలకొన్నది సర్వే పాఠశాల మాత్రమే. రూర్కీలో 1847లో ఇంజనీరింగు కళాశాల వెలసెను. హైదరాబాదులో ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో ప్రారంభమాయెను. 1959లో వరంగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసెను. అదియే 2002లో జాతీయ సాంకేతిక సంస్థ యైనది. 1965లో నాగార్జునసాగర్ పేర హైదరాబాదున ఇంకొక కళాశాల పుట్టెను. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు ఆ కళాశాల అందులో చేరెను. ఒక ఆనకట్ట పేరు పెట్టుకొన్న కళాశాల ఒక విశ్వవిద్యాలయములో భాగమగుట తెలుగువారికి తగిన సంగతియే. ఆ విశ్వవిద్యాలయపు కళాశాల 2007లో మన కొండగట్టు చేరువనే నాచుపల్లికి వచ్చెను. ఒకప్పుడు పట్నమునకు పోవలసిన చదువు నేడు అంజన్న గుట్ట నీడకు చేరినది.

పై చదువు చదివిన తెలుగువారిలో కానూరి లక్ష్మణరావుగారి పేరు ముందుగా స్మరింపదగినది. కృష్ణా జిల్లా కంకిపాడున 1902లో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. పాఠశాలలో ఆటలో తగిలిన దెబ్బచే ఒక కంటి చూపు పోయెను. అయినను మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో ఎం.ఇ. పట్టము పొంది, 1939లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును గైకొనిరి. తరువాత నాగార్జునసాగరమువంటి మహానిర్మాణములకు తోడ్పడి, కేంద్రములో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రియైరి. మొదటి పట్టముతో ఆగియున్నను వారికి జీవనము గడిచెడిదే. దేశమునకు మాత్రము లోటు కలిగెడిది.

ఇక ఎం.టెక్. అనగా నేమి? నాలుగేండ్ల బి.టెక్.లో దూలము, నేల, నీరు, బాట, కొలత అన్నియు కొంచెము కొంచెముగా నేర్పుదురు. తరువాతి రెండేండ్లలో ఒక్క శాఖను పట్టుకొని లోతునకు పోవలెను. కట్టడముల నిర్మాణము, నేల పునాదులు, జలవనరులు, రహదారులు రవాణా, పర్యావరణము, నిర్మాణ నిర్వహణము మొదలగునవి ఆ శాఖలు. మొదటి యేడు పాఠములు, ప్రయోగశాల. రెండవ యేడు ఒక సమస్యను తానే యెన్నుకొని, శోధించి, సిద్ధాంతవ్యాసము వ్రాసి, పండితుల యెదుట నిలిచి సమర్థించుకొనవలెను. ఉస్మానియాలో దీనిని ఎం.ఇ. యందురు, సాంకేతిక విశ్వవిద్యాలయమున ఎం.టెక్. యందురు. పేరే వేరు, స్థాయి యొకటియే.

మొదటి పట్టము గలవాడు నియమావళిని తెరచి, పట్టికను చూచి, దాని ప్రకారము కట్టగలడు. అది చిన్న పని కాదు. మన యిండ్లలో పెక్కు వారి చలువయే. కాని ఆ నియమము ఎచ్చట చెల్లునో, ఎచ్చట చెల్లదో గుర్తించుటకు పై చదువు కావలెను. ఇందుకు మనకు దగ్గరివే మూడు ఉదాహరణములు చెప్పెదను.

మొదటిది నేల. పాలంపేటలో రామప్ప గుడి 1213 నాటిది. దాని పునాది క్రింద ఇసుకను నింపిరి. ఎనిమిది వందల యేండ్లు దాటినను గుడి నిలిచియే యున్నది. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. అదే ప్రాంతమున గోదావరిపై మేడిగడ్డ బరాజు కలదు. 2019లో ప్రారంభమైన ఆ కట్టడమున 2023 అక్టోబరు 21వ తేదీన కొన్ని స్తంభములు క్రుంగెను. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ పంపిన నిపుణులు ప్రణాళిక, రూపకల్పన, నాణ్యత, నిర్వహణములందు లోపములను పేర్కొని, పునాది క్రింది ఇసుక నీటితో కొట్టుకొనిపోయి యుండుట ఒక కారణము కావచ్చుననిరి. ఇచ్చట రాజకీయములు నాకు పనిలేదు. ఇసుక రెండుచోట్లను ఉన్నది. నాలుగువైపుల కట్టుబడి కదలక యున్న ఇసుక బరువు మోయును. అడుగున నీరు పారి రేణువులను మోసికొనిపోవుచోట అదే ఇసుక మోయజాలదు. ఎంత నీరు, ఎంత వేగముతో, ఏ దారిని కట్టడము క్రిందుగా పోవునో లెక్కించుట భూసాంకేతిక శాఖ పని. కట్టనుండి నీరు ఊరుటను దోషమని పోరుమామిళ్ల శాసనము చెప్పినది ఇందుకే.

రెండవది నీరు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని కడెం ప్రాజెక్టు గేట్లు సెకనుకు సుమారు 3 లక్షల ఘనపుటడుగుల నీటిని వదలగలవు. 2022 జూలైలో దానికి 5 లక్షలకు మించి వరద వచ్చెను. గేట్లమీదుగా నీరు పొర్లెను. క్రిందియూళ్లవారు రాత్రికి రాత్రి ఇండ్లు విడువవలసి వచ్చెను. దైవవశమున కట్ట నిలిచెను. ఇన్నేండ్లకొకసారి ఇంతటి వరద రావచ్చునని పాత వర్షపు లెక్కలనుండి గుణించి చెప్పుటయే జలశాస్త్రము. మన యూరి చెరువు మత్తడి ఎంత వెడల్పుండవలెననునది కూడ ఆ గుణకారముతోనే తేలవలెను. ప్రక్క యూరి మత్తడిని చూచి కట్టినచో తేలదు.

మూడవది బాట. దీనిని చెప్పుటకు నోరు రాదు, చెప్పకుండుటకు మనసొప్పదు. 2018 సెప్టెంబరు 11వ తేదీ మంగళవారమున మన కొండగట్టు ఘాట్ రోడ్డుపై బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా మరణించిరి. ఈ సభలోని వారికి ఆ దినమును వర్ణింపనక్కరలేదు. తప్పెవరిదో నిర్ణయించుట నా పని కాదు. శాస్త్రము చెప్పు మాట మాత్రము చెప్పెదను. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిదప బండి ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. వాలున దిగునప్పుడు బండి బరువే దానిని క్రిందికి లాగును. బరువు పెరిగినకొలది బ్రేకులపై భారము పెరుగును. కావున వాలు ఎంత, మలుపు ఎంత, అంచున అడ్డుగోడ ఎంత బలిమి గలదై యుండవలెను, ఏ బండిని ఆ దారిని పోనీయవచ్చును అను ప్రశ్నలు ఒకదానితో నొకటి ముడివడియున్నవి. ఆ ముడిని విప్పుట నేర్చినవాడు రహదారుల శాఖలో పై చదువు చదివినవాడు. అట్టివాడు మన పిల్లలలోనే యొకడైనచో, ఆ గుట్టదారిని పుస్తకమున గాక కాలినడకన ఎరిగియుండును.

ఇప్పుడు లెక్క. ఖర్చు వైపున రుసుము, వసతిగృహము, భోజనము, పుస్తకములు వ్రాయుడు. మరచిపోరాని పద్దు ఇంకొకటి కలదు. ఆ రెండేండ్లు ఉద్యోగము చేసినచో వచ్చెడి జీతము రాకుండుట. జమ వైపున మొదటి పద్దు గేట్ పరీక్ష. 100 మార్కులు, 65 ప్రశ్నలు, 3 గంటల కాలము. అందు అర్హత పొంది, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి ఆమోదించిన సంస్థలో చేరినవారికి ఆ మండలి నిర్ణయించిన ఉపకారవేతనము నెలకు 12,400 రూపాయలు. 24 నెలలకు 2,97,600 రూపాయలు. రాష్ట్రపు పి.జి.ఇ.సెట్ మాత్రమే వ్రాసి చేరినవారికి ఇది లభింపదు. కావున గేట్‌కు చదువక ఎం.టెక్.లో చేరుట జమ పద్దు లేని ఖాతాను తెరచుట వంటిది.

ఫలమేమి? ఇంజనీరింగు కళాశాలలో అధ్యాపకుడగుటకు ఈ రెండవ పట్టము తప్పనిసరి. కట్టడముల రూపకల్పన చేయు సంస్థలలో దీనికి విలువ కలదు. కాని ప్రభుత్వమున సహాయ కార్యనిర్వాహక ఇంజనీరు పరీక్షకు మొదటి పట్టమే చాలును. కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు గేట్ మార్కులను చూచి మొదటి పట్టము గలవారినే తీసికొనుచున్నవి. కావున తండ్రులారా, బిడ్డకు ఉద్యోగము దొరకలేదు గనుక ఎం.టెక్.లో వేయుదమని తలంపకుడు. అది కాలమును కుదువపెట్టుట. బిడ్డకు ఒక ప్రశ్న పట్టుకొన్నదా యని చూడుడు. కట్ట ఎందుకు తెగెను, గోడ ఎందుకు బీటవారెను అని విడువక అడుగుచున్నచో, అప్పుడు రెండేండ్లు ఇచ్చుటకు వెనుదీయకుడు. ఆడుబిడ్డ అడిగినను ఇదే లెక్క. పెండ్లి ఖర్చు పద్దును చూపి ఆమె పద్దును కొట్టివేయకుడు.

గ్రంథాలయమునకు నాదొక మనవి. గేట్ పాత ప్రశ్నపత్రములను కుట్టించి ఒక అలమారలో నుంచుడు. ఒక వర్షమాపకమును పంచాయతీ ఆవరణలో పెట్టించి, ప్రతి వానకు కొలతయు, ప్రతి నెలకు చెరువు మట్టమును ఒక దస్త్రమున వ్రాయింపుడు. వ్రాయువారు దొరకనిచో నేను వ్రాసెదను. ఇరువది యేండ్ల లెక్క సిద్ధముగా నున్నచో మన యూరి విద్యార్థి యొకడు తన సిద్ధాంతవ్యాసమునకు మన చెరువునే ఎన్నుకొనగలడు. అట్టి వ్యాసము ఒక ప్రతి ఈ గ్రంథాలయపు అలమారలో చేరిననాడు, మనము విశ్వవిద్యాలయమునుండి పుచ్చుకొనుటయే గాక దానికి ఇచ్చినవారము కూడ అగుదుము.