'కాలేయానికి పాకింది' అన్నాక...

(సదుంలో పొదుపు సంఘాల స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేయం ఆపరేషన్ల గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. "జ్వరమొస్తేనే పీలేరు పోవాల, మాకెందుకమ్మా అవి?" అన్నారు. ఎందుకో చెప్తాను.

మా పెద్దమ్మకు మలంలో రక్తం పడేది. మొలలనుకుంది. సిగ్గుపడి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒక ఆసుపత్రిలో పెద్దపేగు క్యాన్సరనీ, కాలేయానికి పాకిందనీ తేల్చారు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. కొడుకును బయటికి పిలిచి "ఇంటికి తీసుకుపోండి" అన్నారు. మరో డాక్టరుకు చూపిద్దామని మేమెవరం అనలేదు.

పేగుల్లోంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికే పోతుంది. అందుకే ఈ క్యాన్సర్ తరచు పాకేది అక్కడికే. ఒకప్పుడు గడ్డలు మూడో నాలుగో దాటితే సర్జన్లు కత్తి పట్టేవారు కాదు. ఇప్పుడు వాళ్లు అడిగే ప్రశ్న మారింది. ఎన్ని గడ్డలున్నాయని కాదు, అన్నీ తీసేశాక మిగిలే కాలేయం చాలునా అని. కాలేయం తిరిగి పెరిగే అవయవం. మిగతాది ఆరోగ్యంగా ఉంటే మూడింట రెండు వంతుల దాకా తీయవచ్చు. మిగిలేది చాలదనుకుంటే, తీయబోయే వైపుకు రక్తం పోకుండా ముందే ఆపి, రెండోవైపు పెరిగేదాకా కొన్ని వారాలు ఆగుతారు. గడ్డలను మందులతో కుదించి తర్వాత కోస్తారు. చిన్నవాటిని సూదితో కాల్చే పద్ధతీ ఉంది.

అందరికీ ఇది కుదరదు. చాలామందికి మళ్లీ వస్తుంది కూడా. అయినా ఆపరేషన్ అయినవారిలో నూటికి 40 మంది దాకా ఐదేళ్లు దాటుతున్నారు. కాబట్టి కాలేయ సర్జన్ చూడకముందే "కుదరదు" అంటే మనం ఒప్పుకోనక్కరలేదు.

ఇంకో కొత్త పోకడ ఉంది. కోయడానికి వీలుకానివారిలో కొందరికి కాలేయాన్నే మార్చడం. 2006లో నార్వే డాక్టర్లు దీన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. ఫ్రాన్స్ డాక్టర్ల నాయకత్వంలో జరిగి 2024లో వెలువడిన అధ్యయనంలో, ఎంతో జల్లెడపట్టి ఎంచిన 94 మందిలో, మార్పిడి వర్గంలో నూటికి 57 మంది ఐదేళ్లు బతికారు. మందులు మాత్రమే ఇచ్చిన వర్గంలో 13 మందే.

అక్కడ కాలేయాలు చనిపోయినవారివి. మన దేశంలో ఎక్కువగా బతికున్న బంధువులవి. 2019-2023 మధ్య మన దేశంలో బతికుండగా అవయవమిచ్చిన వారిలో నూటికి 60 మందికి పైగా స్త్రీలు. పొందినవారిలో పురుషులే ఎక్కువ. రోగిగా మనం గుర్తుకొచ్చేది "టమోటా కోతలైనాక చూద్దాం" అన్న తర్వాత. దాతగా మాత్రం ముందు పిలుపు భార్యకు, తల్లికి, అక్కచెల్లెళ్లకు. ప్రేమతో ఇచ్చేవారిని నేను తప్పుపట్టను. కాని 1994 చట్టం దాత స్వేచ్ఛగా ఒప్పుకోవాలంటుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి అడిగితే "వద్దు" అనగలిగే స్త్రీ ఎంతమంది?

మలంలో రక్తం పడితే దాచకండి. మీ రిపోర్టు మీ చేతికే అడగండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఏ పేరుతో ఉన్నా, మీ జబ్బుకు వర్తిస్తుందో లేదో విచారించండి. 2022లో తిరుపతిలో క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది, వేలూరు ఎటూ ఉంది. దారి ఖర్చుకు, తోడుకు మన సంఘాలు నిలబడాలి. అవయవం ఇమ్మని ఎవరైనా అడిగితే, ఇంటివాళ్లు లేనిచోట డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని పట్టుబట్టండి.

మా పెద్దమ్మకు ఆపరేషన్ కుదిరేదో లేదో నాకు తెలియదు. ఆ ప్రశ్న ఆమెను అడగనివ్వలేదు. ఆ బాధే ఈ రోజు నన్నిక్కడికి తెచ్చింది.