పోపు మాటకు బలం ఎక్కడిది?

(పేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)



ఎక్కడో రోములో ఉండే పోపు సంగతి మన పేటలో ఎందుకని కొందరు మమ్మల్ని అడిగారు. మనోళ్లలో ఆదివారం చర్చికి పోయేవాళ్లు తక్కువేం కాదు. అక్కడ ఎవరి మాట చెల్లుతుందో, ఎందుకు చెల్లుతుందో మనకు తెలియాలి గదా! అందుకే 1978 నుంచి 2005 దాకా పోపుగా ఉన్న రెండవ జాన్ పాల్ గురించి నాలుగు మాటలు చెబుతాం.

ఆయనది పోలండు. హిట్లర్ సైన్యం ఆ దేశాన్ని తొక్కిపెట్టిన రోజుల్లో రాళ్ల క్వారీలో, రసాయనాల ఫ్యాక్టరీలో పనిచేశాడు. పోపయ్యాక 1979లో సొంత దేశం పోతే లక్షలాది జనం కదిలొచ్చారు. మరుసటేడు గ్డాన్స్క్ ఓడల కార్ఖానాలో కార్మికులు సమ్మె చేశారు. సాలిడారిటీ సంఘం పుట్టింది. దాదాపు కోటిమంది చేరారు. 1981 డిసెంబరులో సర్కారు సైనిక పాలన పెట్టి నాయకుల్ని నిర్బంధించింది. పోపు మాత్రం వాళ్ల చెయ్యి వదల్లేదు. 1989 ఎన్నికల్లో సాలిడారిటీయే గెలిచింది.

అదే పోపును లాటిన్ అమెరికాలో చూడండి. అక్కడ కొందరు ఫాదర్లు దేవుడు పేదల పక్షమేనంటూ భూమిలేని జనంతో కలిసి నడిచారు. దాన్నే విమోచన వేదాంతమన్నారు. అందులో మార్క్సిజం ఉందని వాటికన్ 1984లో తప్పుపట్టింది. అంతకుముందే, 1983లో, నికరాగువా విమానాశ్రయంలో మంత్రిగా ఉన్న ఫాదర్ ఎర్నెస్టో కార్డెనాల్ మోకరిస్తే, పోపు వేలు చూపించి మందలించాడు. 1985లో బ్రెజిల్ ఫాదర్ లియొనార్డో బోఫ్‌ను కొంతకాలం మాట్లాడొద్దన్నారు. అయితే పేదల కోసం నిలబడి, 1980లో పూజ చేస్తుండగా తుపాకి గుండుకు బలైన ఆర్చిబిషప్ రొమేరో సమాధి దగ్గర మోకరించిందీ ఈ పోపే. రెండు ముఖాలూ ఆయనవే. ఒకటి చూపించి ఇంకొకటి దాచడం మాకిష్టం లేదు.

ఇక మన సంగతి. 2000లో దళితుడైన మారంపూడి జోజిని హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా నియమించింది ఈయనే. 2003 నవంబరులో తమిళనాడు బిషప్పులతో దళితుల్ని ఎన్నడూ వేరుచేసి చూడొద్దనీ, క్రైస్తవుల మధ్య కులవివక్ష ఛాయ కూడా ఉండరాదనీ చెప్పాడు.

మరి ఆ మాటతో వేరు శ్మశానాలు ఒకటైనాయా? వేరు వీధులు కలిసినాయా? ఎక్కడ జనం గట్టిగా అడిగారో అక్కడే కొంత కదిలింది. పోలండులో పోపు మాట పనిచేసిందంటే వెనక కోటిమంది సంఘం ఉంది. సంఘం లేనిచోట ఎంత మంచి మాటైనా కాగితం మీదే ఉంటుంది.

కాబట్టి ఊరూరా ఆ 2003 మాటను ఫాదరుకు, విచారణ కమిటీకి చదివి వినిపించండి. కమిటీలో మనోళ్లెందరు? చర్చి బడిలో మన పిల్లలెందరు? శ్మశానంలో మన శవానికి ఎక్కడ చోటు? లెక్క అడగండి. ఒంటరిగా పోవద్దు, వాడంతా కలిసి పోండి.

జై భీమ్!