కాలని పొగాకు, ఆరని అలవాటు



బ్యారనులో ఆకును క్యూరింగు చేయు రైతునకు వేడిమి విలువ తెలియును. ఆకు పసుపు తిరుగుటకు సుమారు 35 డిగ్రీలు, ఈనె యెండుటకు 70 డిగ్రీలు. ఉష్ణమాపకమును చూచుచు మంటను దిద్దుటయే ఆతని నేర్పు.

ఈ పనినే నేడొక చేతి పరికరము తనంత తానే చేయుచున్నది. పొగాకు కడ్డీని చొప్పింపగానే గుర్తించి, వేడిని సుమారు 350 డిగ్రీల లోపల నిలిపి, నిప్పంటనీయదు. బూడిద లేదు; నికోటిను మాత్రము ఉన్నది. కావుననే 2019 నాటి కేంద్ర చట్టము వీని తయారీని, అమ్మకమును, ప్రకటనలను నిషేధించినది. మొదటి నేరమునకు 1 సంవత్సరము వరకు ఖైదు, లేదా 1 లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును.

విజయవాడకు చదువులకై పోవు బిడ్డలకు ఈ సంగతి తెలుపుడు. యంత్రము వేడిని అదుపు చేయును. అలవాటును అదుపు చేయవలసినవారము మనమే.